లైన్ ఇవ్వమన్న మాట

కరెంటు ఆఫీసులో అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ అతను పటాసు. ఎదురుగా అలా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు గానీ, చాటుగా పిలుస్తారని అతనికి తెలియకపోలేదు. ఇరవయ్యారేళ్ళుగా లైన్‌మాన్. స్తంభం ఎక్కితే ఉడుత, దిగితే నిప్పు. చెప్పు తెగితే కుట్టినవాడి మీద, బస్సు ఆలస్యమైతే ముందు సీట్లో కూర్చున్నవాడి మీద, వాన పడితే చేతిలో ఉన్న గొడుగు మీద లేచేవాడు. "మీ కోపానికి రెండు వైర్లు తగిలిస్తే వీధంతా దీపాలు వెలుగుతాయి" అనేది భార్య. ఆ మాటకి ఇంకో పది నిమిషాలు అరిచేవాడు. తర్వాత పాల మీద పొంగులా దిగిపోయేది. తిట్టించుకున్నవాడినే పిలిచి టీ తాగించేవాడు. అందుకే అతని కోపాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు.

అతని జట్టులో రెండో మనిషి అతని తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. ఒకే ఇంట్లో కింద వాటాలో పటాసు కుటుంబం, పై వాటాలో తోడల్లుడి కుటుంబం. కింద గిన్నె జారిపడితే పైన వినపడుతుంది, పైన దగ్గితే కింద లెక్కపెట్టొచ్చు. తోడల్లుడు కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి. పటాసు ఎంత మంటో ఇతను అంత మంచు. ఆఫీసులో వాళ్ళిద్దరూ జీపు దిగుతుంటే "నిప్పూ నీళ్ళూ వస్తున్నాయి" అనుకునేవారు. తోడల్లుడు నెమ్మదిగా మాట్లాడతాడు, నెమ్మదిగా ఎక్కుతాడు, కానీ ఎక్కిన పని పూర్తి కాకుండా దిగడు. "అన్నా, నువ్వు కింద అరుస్తూ ఉండు, నేను పైన కానిస్తాను" అనేవాడు నవ్వుతూ. పదకొండేళ్ళు వాళ్ళ పని అలాగే సాగింది.

ఆ ఆఫీసులో లైన్ అనే మాట లేకుండా పూట గడవదు. స్తంభాల మీద వేలాడే తీగ లైన్. ఫోన్ కలిస్తే లైన్ కలిసింది, కలవకపోతే లైన్ బిజీ. బిల్లులు కట్టడానికి జనం నిలబడేది లైన్లో. సెలవు కావాలంటే "ఒక లైన్ రాసివ్వు" అంటాడు గుమాస్తా. మాట విననివాణ్ణి "లైన్లో పెట్టాలి" అంటాడు ఇంజనీరు. టైపిస్టు వైపు రెండుసార్లు చూస్తే "లైన్ వేస్తున్నాడు" అని గుసగుస. ఇన్ని అర్థాల మధ్య ఎవరికీ ఎప్పుడూ తికమక రాలేదు. సందర్భం చూసి తెలుసుకునేవారు. ఒకరినొకరు ఎరిగినవాళ్ళు కాబట్టి, సగం మాటకే పూర్తి అర్థం తోచేది.

అన్నిటికన్నా పెద్ద మాట ఫోన్‌లో వాడేది. తీగ మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేయాలి. అక్కడి ఆపరేటరు స్విచ్చి కట్టేసి, "ఇక ఈ తీగ మీది" అని అప్పగించాలి. పటాసు ఎప్పుడూ "లైన్ ఇవ్వు" అనే అడిగేవాడు. కరెంటు ఆపి తీగని మా చేతికివ్వు అని దాని అర్థం. పని అయ్యాక "లైన్ తీసుకో" అనేవాడు. పాత ఆపరేటరుకీ అతనికీ పదిహేనేళ్ళ స్నేహం. అతను పటాసు దగ్గుని బట్టి కూడా ఏ స్తంభం దగ్గరున్నాడో చెప్పగలడు. ఆ పాతాయన పదవీ విరమణ చేసి వారం కాలేదు. అతని కుర్చీలోకి వేరే డివిజన్ నుంచి బదిలీ మీద ఒక ఆపరేటరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు, ఎవరు ఫోన్ చేసినా ప్రతి మాటా నోటుబుక్కులో ఎక్కించే అలవాటు. ఆమె పనిచేసి వచ్చిన చోట "లైన్ ఇవ్వు" అంటే పనైపోయింది, కరెంటు వదులు అని అర్థం. ఒకే మాట. ఇటు ఆపడం, అటు వదలడం. ఇక్కడ అర్థం తలకిందులని ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం గాలి లేచింది. రేకులు ఎగిరిపడే గాలి. మూడింటప్పుడు ఒక స్తంభం మీద తీగ పింగాణీ కప్పు మీంచి జారి ఇనప చట్రానికి తగిలింది. సబ్‌స్టేషన్‌లో స్విచ్చి దానంతటదే పడిపోయింది. నీళ్ళ పంపులు నడిచేది, ఆస్పత్రికి వెళ్ళేది ఆ తీగే. ఇంజనీరు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "లైన్ ఎప్పుడు? పైనుంచి నన్ను తినేస్తున్నారు" అన్నాడు. నాలుగోసారికి పటాసు "వచ్చి మీరెక్కండి సార్" అని ఫోన్ పెట్టేశాడు.

ఎక్కే ముందు తగిలించవలసినవి ఎర్త్ రాడ్లు. అంటే తీగను నేలతో కలిపే కడ్డీలు. ఎక్కడో ఎవరో పొరపాటు చేసి కరెంటు వచ్చినా, అది మనిషి ఒంట్లోంచి కాక ఆ కడ్డీల్లోంచి నేలలోకి పోతుంది. రెండు జట్లకీ కలిపి ఉన్నది ఒకే జత. ఆ పూట అది ఊరికి అవతలి కొసన రెండో జట్టు దగ్గరుంది. కొత్తవి కావాలని పటాసు ఎనిమిది నెలల్లో మూడుసార్లు అర్జీ పెట్టాడు.

"రాడ్లు తెప్పిద్దామా అన్నా?" అని అడిగాడు తోడల్లుడు.

"అవి వచ్చేసరికి చీకటి పడుతుంది. స్విచ్చి ఎలాగూ పడిపోయే ఉంది. నేను ఫోన్‌లో లైన్ తీసుకుంటాను, నువ్వు ఎక్కుతూ ఉండు."

తోడల్లుడు నడుముకి బెల్టు బిగించి ఎక్కాడు. పటాసు కింద ఒక చేత్తో చెవి మూసుకుని, ఇంకో చెవికి ఫోన్ అదుముకున్నాడు. "అమ్మా, లైన్ ఇవ్వు!"

అవతల ఆమె ఏదో అడిగింది. గాలి హోరులో సగమే వినపడింది. పని అయిందా, మనుషులు దిగారా అన్నట్టు ఏదో. పటాసుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకవైపు ఇంజనీరు, ఒకవైపు గాలి, ఇప్పుడు ఈవిడ ప్రశ్నలు.

"ఎన్నిసార్లు చెప్పాలి? లైన్ ఇవ్వమన్నానా లేదా?"

"సరే అండీ, ఇస్తున్నాను."

పటాసు పైకి చూసి చెయ్యి ఊపాడు. తోడల్లుడు కుడిచెయ్యి చాపి తీగ పట్టుకున్నాడు.

సబ్‌స్టేషన్‌లో ఆమె వేసిన స్విచ్చి రెండు సెకన్లు నిలిచి మళ్ళీ పడిపోయింది. ఆ రెండు సెకన్లు చాలు. స్తంభం పైన ఒక నీలి మెరుపు, గోనెసంచి చిరిగినట్టు ఒక చప్పుడు. బెల్టుకి వేలాడుతున్న మనిషిని దింపడానికి పటాసుకి ఎంతసేపు పట్టిందో అతనికే గుర్తులేదు. ఎలా ఎక్కాడో, ఎలా భుజాన వేసుకున్నాడో కూడా గుర్తులేదు. జీపులో దారంతా అరుస్తూనే ఉన్నాడని డ్రైవరు తర్వాత చెప్పాడు. ఎవర్నీ కాదట, ఊరికే అరుపు.

మోచేతి కింద కుడిచెయ్యి తీసేశారు.

మూడో రోజు ఆస్పత్రి వరండాలో మరదలు బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె అక్క, పటాసు భార్య. పటాసు ఫ్లాస్కు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మరదలు తలెత్తి చూసింది.

"ఫోన్‌లో నువ్వేగా బావా మాట్లాడింది?"

"నేనే."

"నీ నోరే నా మొగుడి చెయ్యి తీసింది."

అక్క "ఏమే, ఆ మాటలేంటి" అని గదమాయించింది. ఎవరైనా ఒక్క మాటంటే పది అప్పచెప్పే పటాసు ఫ్లాస్కు కింద పెట్టి మెట్లు దిగిపోయాడు. ఆపరేటరమ్మ ఏదో అడిగిందని, అది పూర్తిగా వినకుండా తాను విరుచుకుపడ్డాడని ఎవరికీ చెప్పలేదు. భార్యకీ చెప్పలేదు. ఆ రోజు నుంచి మరదలు అతనితో మాట మానేసింది. పై వాటాలోంచి ఆమె అడుగులు వినపడినప్పుడల్లా అతనికి కింద కూర్చోబుద్ధయ్యేది కాదు.

తోడల్లుడు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటూ, సగం మీద పోసుకుంటూ, "కొత్తగా అన్నప్రాశన చేసుకుంటున్నానన్నా" అనేవాడు. పటాసుకి అదే భరించరానిదైంది.

"తిట్టరా నన్ను. ఒక్కసారి తిట్టు."

"ఒంట్లో ఓపిక లేదన్నా. నా వంతు కూడా నువ్వే కోప్పడు."

ఇరవై రోజులకి ఇంజనీరు పటాసును గదిలోకి పిలిచాడు. బల్ల మీద మూడు పేజీల నివేదిక. "చదువు, సాక్షి సంతకం పెట్టు, అయిపోతుంది" అన్నాడు.

పటాసు నిలబడే చదివాడు. లైన్ నియమానుసారం తీసుకోబడింది. లైన్ నియమానుసారం ఇవ్వబడింది. పైకెక్కిన కార్మికుడు ఎర్త్ రాడ్లు తగిలించకపోవడం వల్ల ప్రమాదం జరిగింది. ఇది పూర్తిగా కార్మికుడి స్వంత నిర్లక్ష్యం.

రెండోసారి చదివాడు.

"లైన్ తీసుకోబడింది, లైన్ ఇవ్వబడింది. ఏది తీసుకున్నారు సార్, ఏది ఇచ్చారు? ఈ రెండు ముక్కలకీ అర్థం చెప్పండి."

"ఆఫీసు భాష అంతే. నీకేం నష్టం? నీ పేరు ఎక్కడా లేదు. ఆ ఆపరేటరు పేరూ లేదు. అందరూ ఒడ్డున పడ్డారు."

"అందరూనా?"

ఇంజనీరు తల దించుకుని పెన్ను ముందుకు తోశాడు. "వాడు కాంట్రాక్టు మనిషి. వాడి మీద రాస్తే ఫైలు మూసుకుపోతుంది. నీ మీద రాస్తే పదేళ్ళు నడుస్తుంది. లోకం తెలిసినవాడివి, ఆలోచించు."

ఆ కాగితం తనను కాపాడుతోందని పటాసుకి అర్థమైంది. తన నోటి తప్పు మీద తోడల్లుడి తెగిన చెయ్యి కప్పి దాచిపెట్టే కాగితం అది. అప్పటిదాకా అతనికి వచ్చిన కోపాలన్నీ ఈ కోపం ముందు దిగదుడుపే. ఇది పొంగే రకం కాదు. లోపల ఎక్కడో అడుక్కి దిగి గట్టిగా కూర్చుంది. మొట్టమొదటిసారి అతను కోపంలో అరవలేదు. పెన్ను తీసి, మూత పెట్టి, ఇంజనీరు జేబులో గుచ్చాడు.

"నేను పెట్టను."

"నువ్వు గీత దాటుతున్నావు."

"దాటానో లేదో ముందు ఆ గీతేదో చూపించండి సార్, అప్పుడు చెప్తాను."

అక్కణ్ణించి తిన్నగా సబ్‌స్టేషన్‌కి పోయాడు. కోపం అంతా ఆపరేటరమ్మ మీదికి మళ్ళింది. ఇరవై రోజులుగా మనసులో ఆమెను తిడుతూనే ఉన్నాడు. కంకర పరిచిన వాకిలి దాటి, యంత్రాల రొద మధ్య తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"మనిషి పైన ఉండగా స్విచ్చి వేస్తావా? చదువుకున్నావా, గాడిదలు కాశావా?"

ఆమె కుర్చీలోంచి లేచింది. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇరవై రోజుల్నుంచి నిద్ర లేదు నాకు. మీరు వస్తారని చూస్తున్నాను. రండి, కూర్చోండి, నోరు ముయ్యండి."

పటాసుని నోరు ముయ్యమన్న మనిషి ఆ ఆఫీసులో అంతవరకూ పుట్టలేదు. అతను నిజంగానే మూశాడు. ఆమె నోటుబుక్కు తెరిచి అతని వైపు తిప్పింది. గుండ్రటి అక్షరాలు, నిమిషాలతో సహా.

మూడూ నలభై రెండు. లైన్‌మాన్: "అమ్మా, లైన్ ఇవ్వు." నేను: "పని అయిపోయిందా? మనుషులందరూ కిందకి దిగారా?" లైన్‌మాన్: "ఎన్నిసార్లు చెప్పాలి? లైన్ ఇవ్వమన్నానా లేదా?" నేను: "సరే అండీ, ఇస్తున్నాను."

"మా దగ్గర పందొమ్మిదేళ్ళు లైన్ ఇవ్వు అంటే కరెంటు వదలమనే అర్థం" అంది ఆమె. "ఇక్కడ తలకిందులని నాకెవరు చెప్పారు? మీ ఇంజనీరు తాళాలిచ్చి, ఫ్యాను స్విచ్చి చూపించి వెళ్ళిపోయాడు. అయినా అడిగానండీ నేను. మనుషులు దిగారా అని అడిగాను. మీరు నన్ను కసిరారు. కసిరినందుకు భయపడి వేశాను. ఆ భయమే నా తప్పు. అది ఒప్పుకుంటాను. మిగతాది మీరు ఒప్పుకోండి."

పటాసు ఆ నాలుగు పంక్తులూ వేలు పెట్టి మళ్ళీ చదివాడు. గాలిలో తనకు వినపడని సగం అక్కడ సిరాతో ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు తల్లి పదేపదే అనేది. అప్పుడు ఆ మాట మీద కూడా విసుక్కున్నాడు.

"ఈ పుస్తకం వాళ్ళు అడగలేదా?" అన్నాడు చివరికి.

"అడిగారు. పాతది పోయిందని నన్నే రాసిచ్చి, కొత్తది మొదలుపెట్టమన్నారు. ఇంట్లో బియ్యం డబ్బాలో దాచి, మీ సంతకం అడుగుతారని విని ఇవాళ తెచ్చాను."

"తెచ్చి మంచిపని చేశావు" అన్నాడు పటాసు. అది అతని నోటివెంట క్షమాపణకి దగ్గరగా వచ్చే మాట.

సాక్షి సంతకం లేకుండా ఫైలు కదలదు. పటాసు సంతకం పెట్టడు. నెలా, రెండు నెలలూ గడిచాయి. మొదట బుజ్జగించారు. తర్వాత బెదిరించారు. ఊరి బయటి గోదాములో తుప్పు పట్టిన స్తంభాల లెక్క రాసే పనికి వేశారు. అతను పొద్దున్నే పోయి ఆ స్తంభాలు లెక్కపెట్టి, మధ్యాహ్నం పెద్దాఫీసుకి వచ్చి, మళ్ళీ విచారణ జరపాలని రోజుకో అర్జీ ఇచ్చేవాడు. గుమాస్తా "ఇంకో లైన్ రాసివ్వు" అంటే "పంక్తి అను, రాస్తాను" అని పట్టుబట్టేవాడు. ఇంట్లో కూడా ఆ మాట విన్నప్పుడల్లా పళ్ళు నూరేవాడు. ఒకసారి భార్య ఫోన్‌లో ఎవరితోనో "లైన్లో ఉండండి" అంటే లేచి వాకిట్లోకి పోయాడు. జనం అతనికి మతి చెడిందన్నారు. పాత మిత్రులు కొందరు ఎదురుపడితే పక్కకి తిరిగేవారు. తాటాకు చప్పుళ్ళకి బెదిరే రకం కాదని తెలిసేసరికి నాలుగో నెల వచ్చింది. చివరికి పెద్దాఫీసు నుంచి కొత్త విచారణాధికారి వచ్చాడు.

పొడుగాటి బల్ల, దాని మీద అద్దం, నీళ్ళ కూజా. అధికారి, ఇంజనీరు, స్టోరు గుమాస్తా, టైపిస్టు, రెండో జట్టు లైన్‌మాన్, ఆపరేటరమ్మ. ఎడమచేత్తో కుర్చీ అంచు పట్టుకుని తోడల్లుడు. తలుపు బయట బెంచీ మీద మరదలు.

"నీ అభ్యంతరం క్లుప్తంగా చెప్పు" అన్నాడు అధికారి.

"చెప్పేముందు ఒక ప్రశ్న అడగనివ్వండి సార్. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి 'లైన్ ఇవ్వు' అన్నారనుకోండి. దానర్థం ఏంటో ఈ గదిలో ఒక్కొక్కరూ చెప్పాలి."

అధికారి చిరాగ్గా ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు తడుముకోకుండా "కరెంటు ఆపి పనికి అప్పగించమని" అన్నాడు. రెండో జట్టు లైన్‌మాన్ తల గోక్కున్నాడు. అతనూ వేరే డివిజన్‌లో పనిచేసి వచ్చినవాడే. "మేం కరెంటు వదలమనడానికి కూడా అంటాం సార్. మాట్లాడే మనిషిని బట్టి." ఆపరేటరమ్మ "వదలమనే" అంది. టైపిస్టు తనకెందుకొచ్చిన గొడవా అన్నట్టు "ఫోన్ కలపమని కదా?" అంది. స్టోరు గుమాస్తా వంతు వచ్చేసరికి అతను బెదిరిపోయి "తీగ చుట్ట కావాలనుకుంటాను సార్, ఇండెంటు కాగితం ఉందా అని అడుగుతాను" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

పటాసు బల్ల మీద చరిచాడు. కూజాలో నీళ్ళు తొణికాయి.

"నవ్వుతున్నారా? నవ్వండి. ఐదుగురిని అడిగితే ఒక్క మాటకి నాలుగు అర్థాలు చెప్పారు. ఈ మాట పట్టుకుని మమ్మల్ని తీగల మీదికి ఎక్కిస్తున్నారు మీరు! నోట్లోంచి ఏ అర్థంతో బయల్దేరిందో, అవతలి చెవిలో ఏ అర్థంతో దిగిందో చూసుకునే దిక్కు లేదు. ఇరవయ్యారేళ్ళలో ఎవడైనా వచ్చి ఈ మాటకి ఇదీ అర్థం అని గోడ మీద రాశాడా?"

"గొంతు తగ్గించు. అసలు విషయం రాడ్లు తగిలించకపోవడం."

"రాడ్లకే వస్తున్నాను. స్టోరు పుస్తకం తెరిపించండి."

గుమాస్తా ఇంజనీరు ముఖం చూశాడు. అధికారి "తెరువు" అన్నాడు. ఎనిమిది నెలల్లో మూడు అర్జీలు. మూడింటి కిందా ఒకే చేతిరాతతో: స్టాకు లేదు, ఉన్నవాటితో సర్దుకోవాలి. కింద ఇంజనీరు పొట్టి సంతకం.

"లేని రాడ్లు వాడు ఎక్కణ్ణించి తగిలిస్తాడు సార్? పక్కటెముకలు తీసి తగిలించాలా? తెప్పిద్దామా అని వాడు నన్ను అడిగాడు. వద్దన్నది నేను."

తర్వాత అతను ఆపరేటరమ్మ వైపు చెయ్యి చాపాడు. ఆమె నోటుబుక్కు ఇచ్చింది. పటాసు కళ్ళు చికిలించుకుని, ఆ నాలుగు పంక్తులూ పైకి చదివాడు. "ఎన్నిసార్లు చెప్పాలి" అన్నచోట ఆగాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. తలుపు సందులోంచి మరదలు వింటోందని తెలిసే చదివాడు.

"ఇది రికార్డులోకి ఎక్కితే తప్పు నీ మీదికి వస్తుంది, తెలుసా?" అన్నాడు అధికారి. గొంతు కొంచెం మారింది.

"రానివ్వండి. నా తప్పు నాకిచ్చేయండి. ఆవిడది ఎంతుందో ఆవిడే చెప్తుంది. రాడ్లు తెప్పించని వాళ్ళది వాళ్ళకివ్వండి. వీడిది కానిది మాత్రం వీడి నెత్తిన రుద్దకండి. చెయ్యి పోయింది చాలు. పేరు కూడా పోగొట్టుకోవడానికి వీడేం పాపం చేశాడు?"

తోడల్లుడు తల వంచుకుని ఖాళీ చొక్కా చెయ్యి మడత సర్దుకున్నాడు.

ఆరు వారాలకి కొత్త నివేదిక వచ్చింది. 'కార్మికుడి నిర్లక్ష్యం' పోయింది. దాని చోట 'సమాచార లోపం, పరికరాల కొరత' అని చేరింది. పటాసు సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు, రావలసిన ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి. ఆపరేటరమ్మకి ఒక మందలింపు. ఇంజనీరుకి బదిలీ, అదీ ఇంతకన్నా పెద్ద కుర్చీలోకి. ఆ వార్త విన్న రోజు పటాసు గోదాములో స్తంభాల మధ్య నిలబడి, వినేవాళ్ళెవరూ లేకపోయినా, తనకొచ్చిన తిట్లన్నీ వరుసగా తిట్టాడు.

తోడల్లుణ్ణి పనిముట్ల గదిలో కూర్చోబెట్టారు. కొత్తగా నాలుగు జతల రాడ్లు వచ్చాయి. ఆ నెమ్మది మనిషి అక్కడ మొండివాడయ్యాడు. రాడ్లు జీపులో ఎక్కించినట్టు తన ఎడమచేతి వంకర సంతకం పడితే గానీ జీపు తాళంచెవి ఇవ్వడు. ఎంత పెద్దవాడు ఫోన్ చేసి తొందరపెట్టినా "అలాగే సార్, సంతకం కానివ్వండి" అంటాడు.

పటాసూ ఆపరేటరమ్మా కలిసి సబ్‌స్టేషన్ ఫోన్ పక్క గోడ మీద రంగుతో పెద్ద అక్షరాలు రాశారు. కరెంటు ఆపు. కరెంటు వదులు. మనుషులు ఎంతమంది, ఎక్కడ. విన్నమాట తిరిగి చెప్పు. ఫోన్‌లో ఎవరైనా లైన్ ఇవ్వు అంటే ఆమె "ఆ మాట ఇక్కడ చెల్లదండీ, ఆపాలా వదలాలా?" అని అడిగేది. మొదట విసుక్కున్నారు. తర్వాత పక్క సబ్‌స్టేషన్ వాళ్ళు వచ్చి చూసి, తమ గోడ మీదా రాసుకున్నారు. ఏడాది తర్వాత పెద్దాఫీసు నుంచి నాలుగు పేజీల ఉత్తర్వు దిగింది. అందులో లైన్ అనే మాట ఎన్నిసార్లుందో పటాసు ఎర్ర పెన్సిలుతో లెక్కపెట్టాడు. నలభై ఒకటి. ఎక్కడా అర్థం చెప్పలేదు. ఆ కాగితాన్ని ఉండగా చుట్టి కిటికీలోంచి విసిరాడు. ఆపరేటరమ్మ బయటికెళ్ళి ఏరుకొచ్చి, మడతలు సాపు చేసి, ఫైల్లో పెట్టింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. కొత్త నివేదిక వచ్చిన సాయంత్రమే మరదలు మెట్లు దిగి కింద వాటాలోకి వచ్చింది. ఆరు నెలల తర్వాత అదే మొదటిసారి. పటాసు మంచం మీదనుంచి లేచి నిలబడ్డాడు. అక్క వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"ఆ కాగితంలో ఏముందో చదువు బావా."

అతను చదివాడు. తన మందలింపు దాకా, ఏదీ వదలకుండా.

"ఆ రోజు ఆవిడ అడిగిన సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి మొహం లేక."

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. "నేను నిన్ను క్షమించలేదు. అది వేరే సంగతి" అంది. "రెండే రెండు ముక్కలు కొట్టేయించడానికి నాలుగు నెలలు అరిచావా?"

"అరిచాను."

"ఇంకా గట్టిగా అరవాల్సింది. ఆ పెద్ద కుర్చీవాడికి వినపడేలా."

ఆ తర్వాత అక్క వైపు తిరిగి, పైన గ్యాసు అయిపోయిందని, కాసిన్ని వేణ్ణీళ్ళు కాచిమ్మని అడిగి, అవి కాగేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది. పటాసు కూర్చోలేదు.

మర్నాడు పొద్దున గోదాముకి పోయే ముందు అతను స్టోరు దగ్గర ఆగాడు. రబ్బరు చేతి తొడుగులు ఒక్క జత కూడా సరైనది లేదు, అన్నిటికీ వేళ్ళ దగ్గర పగుళ్ళు. గుమాస్తా ముందున్న బల్ల మీద కాగితం పరిచి, పటాసు నిలబడే అర్జీ రాశాడు. పన్నెండు జతలు, వారంలోగా. గుమాస్తా చదివి, "స్టాకు..." అని మొదలుపెట్టాడు.

"ఆ మాట పూర్తిచెయ్యి చూద్దాం" అన్నాడు పటాసు.

గుమాస్తా పూర్తిచేయలేదు. ముద్ర వేసి కాగితం లోపల పెట్టుకున్నాడు.